ఖరాబు చెయ్యమన్నరు

కోఠి గుజరాతీ గల్లీల, మెట్ల కింద నా దుకాణం.
ముప్పై రెండేండ్ల సంది ఒక్కటే పని:
గుర్రుమనే పెట్టెలల్ల గుర్రు తీసుడు.
పెండ్లి బ్యాండోళ్లవి, భజన మండళ్లవి,
ఎలక్షన్ మీటింగులవి,
ఏ ఆంప్లిఫయర్ తెచ్చినా మూత ఇప్పి
చెవి ఆనించి వింట, డాక్టరు లెక్క.
సోల్డరు పొగే నాకు ఊదుబత్తి.

ఒక ఎండకాలం ముగ్గురొచ్చిన్రు.
మారేడుపల్లి డెంజిల్,
జుట్టు సగం గొరిగించుకున్న హర్షవి,
చిలకలగూడల తీన్మార్ కొట్టే ఐలేశ్.
పెట్టె బల్ల మీద పెట్టి
"అంకుల్, దీన్ని ఖరాబు చెయ్యాలె" అన్నరు.
ఖరాబైందా అని అడిగిన.
"కాలేదు. మంచిగున్నది. అదే తక్లీఫ్."

నవ్విన. వాళ్లు నవ్వలే.
ఫోన్ల ఒక పాట వినిపించిన్రు,
ఎప్పటిదో, ఏ దేశందో, రెండు నిమిషాలు గూడ లేదు.
గిటారు మీద మూడే పట్లు. నాలుగోది రాదు,
రాదని సిగ్గు గూడ లేదు.
ఆ గొంతు పాడుతలేదు,
అడ్వాన్సు తిరిగియ్యని ఇంటి ఓనర్ తోని
నడి బజార్ల కొట్లాడుతున్నది.

బ్లేడు తీసుకొని
స్పీకరు కాగితం మీద మూడు గాట్లు పెట్టిన.
చెయ్యి వణికింది.
బిల్లు మీద ఏం రాయాల్నో తెల్వక
"సర్వీసు" అని రాసిన.

సైనిక్‌పురిల ఎవరిదో గ్యారేజీ. నన్ను గూడ పిలిచిన్రు.
నీళ్ల ట్యాంకరు రాని ఐదు రోజుల మీద పాట.
హర్షవి అరిచింది, నా గాట్లు అరిచినయ్,
పక్కింటి రిటైర్డ్ కర్నల్ గేటు కొట్టిండు.
చెమటతోని బయటికొచ్చి ఐలేశ్ అన్నడు:
"మా తాత గిదే దెబ్బ కొట్టిండు అంకుల్,
పీనుగుల ముంగట. ఎవ్వడూ టికెట్టు పెట్టలే."

అటెన్క ఎన్ని వానలు పోయినయో.
మొన్న కృష్ణానగర్‌ల ఒక స్టూడియోకు పోయిన, వైరింగు చూడనీకి.
పిలగాడు మౌసు నొక్కిండు.
నా మూడు గాట్లు వినొచ్చినయ్!
ప్రేమ పాట కింద, బంగారు దుకాణం యాడ్ కింద,
అదే చిరుగు, కడిగి, ఇస్త్రీ చేసి.
దాని పేరు "మురికి" అట. నలభై దాకనే తిప్పుతరట,
అంతకు మించితె ప్రొడ్యూసర్‌కు తలనొప్పి.

హర్షవికి ఫోన్ చేసిన.
"మమ్మల్ని డబ్బాల పోసి అమ్ముకున్నరు అంకుల్" అన్నది.
డెంజిల్ ఆ యాడ్ కంపెనీలనే ఉన్నడని ఆమె చెప్పలే,
నేనూ అడగలే.
ఐలేశ్ బోనాలప్పుడు కొడుతనే ఉన్నడు.
ఎన్క వచ్చే డీజే బండి
ఆయన చేతుల్ని మింగుతనే ఉన్నది.

చెడ్డదే అనుకున్న. రాసి పెట్టుకున్న మనసుల.

గప్పుడే పుష్పలీల వచ్చింది, మైకు బాగుచేయించుకోనీకి.
కోరస్ పాడుతది. పదకొండేండ్లు
"గొంతుల జీరున్నది తల్లీ" అని ఎన్కకు పంపిన్రు,
లైన్ల చివర నిలబెట్టిన్రు, మైకుకు దూరంగ.
ఇప్పుడు ఆ జీర కోసమే ఫోన్ చేస్తున్నరట.
బోరబండల రెండు గదులు కిరాయికి తీసుకున్నది,
కిటికీ ఉన్నయి.
మైకు నా చేతికిస్తూ
"గుర్రు తియ్యన్నా, జీర మాత్రం పోవద్దు" అన్నది.

రెండూ ఒక్క తీగల్నే పోతయమ్మా, ఎట్ల విడదీయాలె?
రాత్రి పదింటిదాక కూసున్న.
అయిందో కాలేదో నాకే తెల్వదు. ఆమె పాడి చూసుకొని
మాట్లాడకుండ పైసలిచ్చి పోయింది.

పాతబడ్డ ఆ స్పీకరు కాగితం
ఇంక నా దుకాణంల మేకుకు వేలాడుతున్నది.
సుల్తాన్ బజార్ దిక్కు బస్సు పోయినప్పుడల్ల
దానంతటదే సన్నగ రుసరుసలాడుతది.

నిన్న భజన మండలాయన పెట్టె తెచ్చి
"గుర్రు మొత్తం తీసెయ్యి" అన్నడు.
తీసిన.
కొంచెం ఉంచిన.
ఇంక ఫిర్యాదు రాలే.