లాకు రిజిస్టరు

బొబ్బర్లంక లాకుల్లో పడవ ఎక్కించడం చూశారా ఎప్పుడైనా?
వెనక తలుపు మూస్తారు, ముందు తలుపు తెరవరు.
మధ్యలో పడవ ఊరికే నిలబడుతుంది,
గోడల మీద నాచు మెల్లగా మునుగుతుంది,
రెండు మట్టాలూ ఒకటయ్యాకే దారి.

ఆకాశానికీ అంతే.
అక్కడా మెరక ఉంది, పల్లం ఉంది, మధ్యలో లాకులున్నాయి.
కనిపెట్టింది నూకరత్నం,
పెన్సిలు ఉండాల్సిన చెవి మీద
స్పానరు పెట్టుకు తిరిగే డీజిలింజన్ల మెకానిక్కు.

నలుగురం బయల్దేరాం.
కొబ్బరిపీచు తాడు రెండు చుట్టలు,
పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు,
ఎర్రబ్బాయి వల, నా గేజి కర్ర.
నిజానికి జానీ బాషా బయల్దేరలేదు.
దూలం తోసి వెనక తలుపు మూయడానికి
గట్టున ఒక మనిషి ఉండాలి కదా.
"నాకు నీళ్ళంటే భయంలే" అన్నాడు,
పాతికేళ్ళుగా లాకు గోడ మీదే పడుకునేవాడు.

మొదటి లోకంలో నది నిలువుగా ఉంది,
దండెం మీద ఆరేసిన చీరలా.
అక్కడి పిల్లలు దాని మీద ఎగబాకుతున్నారు.
ఎర్రబ్బాయి వల విసిరితే పైకి పడింది.
పొట్ట పట్టుకు నవ్వాడు.
రెండో లాకు దగ్గర అడగకుండానే దిగిపోయాడు.
"ఆయ్, మీరెళ్ళండి,
ఈ చేపల సంగతేంటో తేల్చుకుంటాను."

రెండో లోకంలో ఎవరూ లేరు.
కంటి కొస దాకా ఉప్పు.
ఏడాదికొక్క పోటు, ఏడాదికొక్క పాటు,
మిగతా రోజులన్నీ గాలి.
నేనుంటానన్నాను.
"నీకు బోల్టు బిగించడం వచ్చా?" అని
నన్ను పడవలోకి నెట్టేసింది నూకరత్నం.

మూడో లోకంలో చీకటి పైన, వెలుతురు నీళ్ళలో.
గేజి కర్ర దించాను. అడుగు తగల్లేదు,
కర్ర మాత్రం వెచ్చగా పైకొచ్చింది.
అక్కడివాళ్ళకి చేతులు లేవు.
మరి నా తలుపెవరు మూస్తారు?
దూలానికి ఆనుకుని, నెట్టి, వదిలి,
మళ్ళీ ఆనుకుని, నెట్టి చూపించాను.
రోజుల లెక్క లేదు అక్కడ,
తాడు పీచు ఒక్కొక్కటే పీకి దాచుకున్నాను.
ఒక చుట్ట అయిపోయాక
వాళ్ళలో ఒకరెవరో వచ్చి
దూలానికి రొమ్ము ఆనించారు.
పేరడగడం ఎలాగో తెలియలేదు.
ఆ అప్పు అలాగే ఉంది.

తిరుగు దారిలో ఉప్పులోకం.
నూకరత్నం జుట్టు సగం నెరిసింది.
మోకాలి లోతున ఒక కాలవ తవ్వింది,
వంకర లేకుండా, కనుచూపు మేర.
ఎక్కడికే ఇది అంటే, "పల్లానికి" అంది.
పడవెక్కమన్నాను.
"ఇక్కడ దూలం తోసేవాళ్ళెవరూ లేరు సువార్తా.
లెక్క నీకూ తెలుసు."
"బయల్దేరే ముందే నీకు తెలుసా?"
నా ఇంజను బెల్టు బిగించింది,
ఒకసారి లాగి చూసింది,
మళ్ళీ బిగించింది.
పిడికెడు ఉప్పు నా కొంగున కట్టి
గట్టెక్కి దూలం మీద వాలిపోయింది.
తలుపు మూసుకుంటుంటే ఇంకా చెబుతూనే ఉంది,
ఆయిలు మార్చమని.

ఎర్రబ్బాయి మాత్రం తయారుగా ఉన్నాడు.
ఆ పిల్లలకి దూలం తొయ్యడం ఆటగా నేర్పాడు.
పడవలో నన్ను చూశాడు, నా వెనక చూశాడు.
తర్వాత బొబ్బర్లంక దాకా వల చిక్కులు తీస్తూ కూర్చున్నాడు.
ఆ వలకి చిక్కుల్లేవు.

జానీ బాషా గడ్డం తెల్లబడింది.
రిజిస్టరు నిండా, పేజీ తర్వాత పేజీ,
ఒకటే రాత: పడవ రాలేదు. పడవ రాలేదు.
కళ్ళజోడు సర్దుకుని కొత్త వరస మొదలెట్టాడు.
వచ్చిన పడవలు: ఒకటి.
మనుషులు: ఇద్దరు.
సరుకు దగ్గర కలం ఆగింది.
"ఉప్పు" అన్నాను, కొంగు ముడి విప్పుతూ.
"ఎంత?"
"పిడికెడు."
రాశాడు. సంతకం పెట్టాడు.

ఆ రాత్రి పై తలుపు
జానెడు తీసే ఉంచాడు.
రిజిస్టర్లో అది రాయలేదు.