తలుపు రబ్బరు

కాయాని దాటి కూహ్మో దారి పట్టాం.
బయట మైనస్ ఇరవై ఆరు.
పాత వోల్వో నిండా సుత్తులు, ఫెల్టు ముక్కలు, తీగల చుట్టలు,
వాటి మధ్య ఎక్కడో ఒక కీచు.

గతుకు గతుక్కీ కీచు.
మలుపు తిరిగితే కీ...చుమని సాగదీత.
మొదట డాష్‌బోర్డును అనుమానించాను,
తర్వాత సీటుబెల్టు కొక్కేన్ని,
అరలో మడిచిపెట్టిన మ్యాపుని,
చివరికి నా బూట్లని కూడా.
తలుపు అంచున బొటనవేలు అదిమితే
టక్కున ఆగింది.
తీస్తే మళ్లీ మొదలు.
చలికి బిర్రబిగిసిన నల్లరబ్బరు
ఇనుముతో పేచీ పెట్టుకుంది, అంతే.
నాలుగు తలుపులదీ అదే గోల.

"చెవిలో జోరీగలా ఈ కీచు!
ఎలా భరిస్తున్నారండీ?" అన్నాను.
రెయ్యో కెంప్పాయినెన్
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా
"ఏ కీచు?" అన్నాడు.

నలభై ఏళ్లుగా ఈ అడవుల్లోని పియానోలన్నిటికీ
శ్రుతి చేసిన మనిషి.
పక్క గదిలో ఫ్రిజ్ మూలిగితే
అది ఏ స్వరమో చెప్పే మనిషి.
పరాచికమనుకుని నవ్వబోయాను.
నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆకురాలు కాలం నుంచీ
మీటల చివరి వరస నాకే వదిలేస్తున్నాడు,
అన్నిటికంటే సన్నగా పలికే ఆ తీగల్ని.
"నీ చెయ్యి తిరగాలి కదా" అంటూ
కిటికీ దగ్గరికెళ్లి కాఫీ తాగేవాడు.
పెద్ద పనే అప్పజెప్పాడని
ఆ రాత్రే అమ్మకు ఫోను చేసి గొప్పలు పోయాను.

సోత్కమోలో చర్చి హాలు.
ఆయన మంద్రంలో మునిగి ఉండగా
కాపలా చూసే ఔనెను బతిమాలి
మంచు ఊడ్చే బండి ఉండే వెచ్చటి షెడ్డులోకి
కారు తోలాను.
పెట్రోలు బంకులో కొన్న సీసా, మూతకే స్పాంజి.
ముందు గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచాను.
పైన్ ముళ్లు, ఇసుక, రెండు చలికాలాల ఉప్పు,
గుడ్డ నల్లబడింది.
"గ్రీజు రాయరాదూ?" అంది ఔనె.
వద్దన్నాను. ఆ నూనెకి రబ్బరు ఉబ్బి చీకుతుంది.
దీనికి సిలికాన్ కావాలి, అదీ పలచగా.
ఆరిందాకా ఆగి,
మడతల్లోకి వేలు పోనిచ్చి,
మూలల్లో రెండోసారి,
పసిపిల్లాడి చెవి వెనక నూనె రాసినట్టు
తలుపు చుట్టూ రాసుకొచ్చాను.
కాసేపటికి రబ్బరు మెత్తబడి
వేలికింద లొంగింది.
మిగిలిన తడి ఒత్తి తుడిచేశాను.

లోపలికి వెళ్లేసరికి
ఆయన చివరి వరస ముందు నిలబడి
ఒకే మీటని కొడుతున్నాడు.
మళ్లీ కొడుతున్నాడు.
నన్ను చూసి పక్కకి జరిగాడు.
నేను కూర్చుని పని పూర్తి చేశాను.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.

మళ్లీ రోడ్డు.
గడ్డకట్టిన గాళ్ల మీద కారు ఎగిరెగిరి పడుతోంది.
తలుపులు కిక్కురుమనలేదు.
ఆయనకి తెలియదులే అనుకున్నాను,
తెలియకపోతేనే మంచిదనుకున్నాను.

పది కిలోమీటర్లు పోయాక
ఎడంచేతి తొడుగు పళ్లతో లాగి
అరచెయ్యి తలుపుకి ఆనించాడు,
పియానో చెక్క మీద ఆనించినట్టే.
"వణకడం మానేసింది" అన్నాడు.

నా నోట మాట రాలేదు.
నేను అడగని ప్రశ్నకి
"పోయిన చలికాలం నుంచి" అని జవాబిచ్చాడు.
కిటికీలో స్ప్రూస్ చెట్లు
ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి.

"సీసా ఎంతయింది?"
"పదకొండు యూరోలు."
"పద్దులో రాయి."
"ఏ ఖర్చు కింద రాయను?"
చాలాసేపు ఆలోచించాడు,
ఎదురొచ్చిన కట్టెల లారీ దాటేదాకా.
"తీగల కింద రాయి" అన్నాడు.