లేని కొండ

వంద చుక్కలు.
ప్రతి చుక్కకీ మిగతా తొంభై తొమ్మిదితో
ఒక్కో దారం.
ఇంతే నా యంత్రపు మెదడు.
వాల్తేరు మెట్ట మీద, ఫ్యాను కిర్రుమనే గదిలో
దానికి కొండలు నేర్పుతున్నాను.

కొండలే ఎందుకంటే,
ఫిషింగ్ హార్బర్లో ఐసు పెట్టె మీద కూర్చుని
మైలపల్లి ఎల్లాజీ అనే సరంగు చెప్పాడు:
"నడిసంద్రంలో రోడ్లుంటాయేటమ్మా?
లైటవుసూ, దాని ఎనక కొండ మూపూ
ఒక్క గీత మీదికి రావాల.
ఇటేపు సింహాచలం కొండ నెత్తి తొంగి సూడాల.
అక్కడ వల దింపాల. కింద రాయుంది.
రాతి కాడ వంజరాలుంటాయి."

మబ్బు కప్పితే?
"సగం కనపడితే సాలు. మిగతా సగం ఇక్కడుంది" అని
నుదురు చూపించలేదు,
చుక్కాని పట్టే చెయ్యి చూపించాడు.

చుక్కలకీ అదే నేర్పాను.
కలిసి వెలిగిన వాటి మధ్య దారం బిగించడం,
ఒకటి వెలిగి ఒకటి ఆరితే వదులు చెయ్యడం.
కొండ ఎక్కడా ఒకచోట దాచి ఉండదు.
ఏ చుక్కనడిగినా తెలీదంటుంది.
అన్నిటినీ కలిపి అడిగితే
లేచి నిలబడుతుంది.

ఎర్రమట్టి దిబ్బల్లో చినుకు ఏ గట్టున పడినా
పాత వానలు కోసిన గాడిలోకే జారుతుంది.
తాను గుర్తు చేసుకుంటున్నానని
ఆ చినుక్కి తెలీదు.

ఎనిమిది కొండలు నేర్చింది.
సగం చెరిపి ఇస్తే మిగతా సగం గీసింది.
ఆశ పుట్టింది. పది. పన్నెండు.
వందకి పద్నాలుగు దాటితే కష్టమని పుస్తకాల్లో ఉంది.
నేను పదిహేడో కొండ వేశాను.

ఆ రాత్రి తెర మీద, నేను నేర్పని కొండ.
రాస్‌హిల్ నడుము, కైలాసగిరి వీపు,
ఎవరిదో తెలీని మెడ.
ఎంత కదిపినా మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంటుంది,
మన ఆల్బంలో దూరిన పక్కింటాయన ఫోటో అంత ధీమాగా.
దొంగ జ్ఞాపకం అంటాం మేం.
మరిపించే పద్ధతీ ఉంది:
యంత్రాన్ని నిద్రపుచ్చి
అది కలగన్న దారాలన్నీ కాస్త కాస్త సడలించాలి.

చెరిపే ముందు ప్రింటు తీసి హార్బరుకి పట్టుకెళ్లాను,
తప్పు చూపించి నవ్వుకుందామని.

ఎల్లాజీ తడిచేతులు లుంగీకి తుడుచుకుని
కాగితం దూరంగా పట్టి చూశాడు.
నవ్వలేదు.
"ఇది నాను సూసినాను.
హుద్‌హుద్ ఎల్లిన వారానికి ఏట నించి తిరిగొత్తంటే,
కొండల మీద ఒక్క ఆకు నేదు.
గొరిగేసిన తలకాయలు.
ఇరవయ్యేళ్లు ఎరిగున్న ఊరు,
ఏది ఏదో తెలీక
రెండు కొండలు కలిపీసుకుని బోటు తిప్పీసినాను.
భీమిలి కాడ తేలేం."

కాసేపు ఐసు కొట్టే చప్పుడు.
కాగితానికి చేప పొలుసొకటి అంటుకుంది,
సరిగ్గా ఆ మెడ దగ్గర.

"అమ్మా, దీని కింద చేపలు పడతాయేటి?"

గదికొచ్చి
చెరిపే ఆజ్ఞ సగం టైపు చేశాను.
మిగతా సగం చేతికి తెలుసు.
చెయ్యి కదల్లేదు.