ఒరిజినల్ మర్చిపోకుండ్రి

అశోక్‌నగర్ గల్లీల మా దుకాణం
మిషిన్ కూసునేంత, మనిషి నిలబడేంత.
షట్టర్ మీద వంకర అక్షరాల నేనే రాసిన:
ఒరిజినల్ మర్చిపోకుండ్రి.
కాపీలు లెక్కవెట్టుకుంటరు గని
మూత కింద అసలుది ఇడిసిపెట్టి పోతరు పిల్లలు.

పదకొండేండ్ల సంది
ఈ గల్లీకి ఎప్పుడు జరమొచ్చిందో
నాకు కాయితాలే చెప్తయి.

మొదట్ల అన్ని నోట్సులే.
కాకతీయుల చెరువులు, పంచవర్ష ప్రణాళికలు,
ఏ అధికరణ ఏ హక్కు ఇస్తదో.
మిషిన్ల నుంచి అప్పుడే వచ్చిన రాజ్యాంగం
చేతికి సుర్రుమని తగిలేది.
పావలా కాడ బేరమాడేటోళ్లు,
రిజల్ట్ నాడు ఇస్తమని ఖాతా రాయించేటోళ్లు.

ఆ నాడు రాలే.
ఒకపారి ప్రశ్నపత్రం
పరీక్ష కంటె ముందే బజారుకొచ్చింది.
ఇంకోపారి కోర్టుల పడ్డది.
మూడోపారి ఏమైందో ఎవలూ చెప్పలే,
తేదీ మీద తేదీ అతికిచ్చిండ్రు
గోడ మీది కోచింగ్ పోస్టర్ల లెక్క.

గప్పటిసంది కాయితం మారింది.
పాస్‌పోర్టు, రెండు దిక్కుల.
పోలీస్ క్లియరెన్స్. టీకాల చీటి.
ఫోటో వెనక తెల్లగుండాలె, చెవులు కనవడాలె,
నవ్వొద్దు.
నవ్వొద్దని ఎవలకూ చెప్పే పని పడలే నాకు.

మల్లేపల్లి అఫ్రీన్,
పన్నెండు గంటల డ్యూటీకి పద్నాలుగు వేల నర్సు,
జర్మన్ పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించింది.
"గొంతుల చేపముల్లు ఇరికినట్టు మాట్లాడాలె అక్కా"
అని ఒక ముక్క చదివి చూపిచ్చింది.
సైదులు ఎకనామిక్స్. నిరుద్యోగం మీద
రెండొందల పేజీలు రాసి
నా కాడనే బైండింగ్ చేయించిండు,
నీలం అట్ట, బంగారు అక్షరాలు.
ఇప్పుడు దోహల గోదాము పెట్టెలు లెక్కవెడ్తుండు.

కేతావత్ మోతీలాల్ మాత్రం జిద్దు పట్టిండు.
దేవరకొండ అవుతల తండా.
ఇద్దరి మంచాల మీద ముగ్గురు వంతులేసుకొని పండే హాస్టల్,
ఐదు రూపాల బువ్వ, లైబ్రరీ మెట్లు,
ఆరేండ్లు.
నడుమ రెండు నెలలు అద్దాల మేడలకు పోయిండు,
గేటు కాడ బండ్ల నంబర్లు రాసే కొలువు.
యూనిఫాం కంపెనీది, జీతం గుత్తేదారుది,
గుత్తేదారు ఎక్కడుంటడో ఎవలకూ తెల్వదు.

పోలండ్‌కు పోయే ముందు రాత్రి
ఖాతా తెరిచి పైసలిచ్చిండు.
లెక్క చూస్తె ముప్పై ఎనిమిది తక్కువ.
"కావాల్నని ఉంచిన అక్కా,
బాకీ ఉంటె మళ్ల రావాలె గద."
పోయినంక మూత లేపితె
అద్దం మీద బోర్లపడి ఉన్నది
రద్దయిన పరీక్ష హాల్‌టికెట్.
బిస్కిట్ల డబ్బల దాసిన.

మొన్న లిస్టు వచ్చింది.
ఒకడు ప్రింట్ తియ్యమంటె తీస్తున్న,
తీసుకుంట తీసుకుంట డబ్బ తెరిచిన.
నంబరు కలిసింది.
రెండుసార్లు చూసిన, అద్దాలు తుడుసుకొని మళ్ల చూసిన.

ఫోన్ చేస్తె వెనక కోళ్లు కోసే మిషిన్ సప్పుడు.
చెప్పిన. సప్పుడొక్కటే ఇనిపిచ్చింది శానసేపు.
"ఏం పోస్టు అక్కా?"
గిర్దావరి.
"మా నాయిన పట్టా కోసం తిరిగింది
గిర్దావరి చుట్టే."
మళ్ల మిషిన్.
"జాయినింగ్ ఎప్పుడంట?"
తేదీ ఇంక చెప్పలేదంట, అన్న.

నవ్విండు. గట్టిగనే నవ్విండు.
షిఫ్ట్ గంట కొట్టిండ్రని పెట్టేసిండు.

కౌంటర్ ముంగట ఒక పిల్ల నిలబడ్డది,
కొత్త పాస్‌పోర్టు, ఇంక ముడుత పడలే.
రెండు దిక్కుల తియ్యమన్నది.
మూత మూసి బటన్ ఒత్తిన్నో లేదో
గోడకున్న పైసల డబ్బ
ఎవలదో కాని గొంతుతోని పలికింది:
ముప్పై ఎనిమిది రూపాయలు అందినవి.

ఖాతా తెరిచిన.
కొట్టెయ్యనీకె పెన్ను దొరకలే,
చెవి మీదనే ఉన్నది.