చెక్కుబందీ

దేవరకొండ రిజిస్ట్రీ ఆఫీసు ముందర
రేకుల కింద జిలానీ సాబ్ బల్ల.
దాని కుడికాలు పొట్టిది,
పాత పహాణీ నకలు మడతబెట్టి ఎత్తు పెట్టిండు.
డిగ్రీ తప్పి నేనాడ కూసున్న ఏడాదిన్నర
ఆయన నాకు కథ రాసుడు నేర్పలే.
కథలంటే ఆయనకు గిట్టదు గూడ.

"ముందుగాల భూమి రాయకు" అనేటోడు.
"భూమి యాడికీ పోదు. చెక్కుబందీ రాయి.
తూర్పుకెవరు, పడమరకెవరు.
నాలుగు దిక్కుల మంది తేలితే
నడుమ మిగిలిందే భూమి."

అందరు పండుకున్నంక వంటింట్ల నేను రాసే కథల
మొదటి పేజీ నిండ ఒక్క మనిషే ఉండేటోడు.
వాని ముక్కు, వాని అంగీ, వాని బాధ.
పక్కింటోళ్లు లేరు. బాకీ ఉన్న కిరాణం లేదు.
గాలిల వేలాడే మనిషి,
ఎవలికీ ఏమీ కానోడు.

ఒకనాడు చూపించిన.
కండ్లద్దాలు తుడుచుకొని, పెదవులు కదిలించుకుంట చదివిండు.
ఉర్దూ మీడియం మనిషి, తెలుగు నిదానం.
"ఇండ్ల ఏడుపు మూడుసార్లున్నది" అన్నడు.
"స్టాంపు ఒక్కపాలే గుద్దుతరు బేటీ,
రెండోసారి గుద్దితే అనుమానం వస్తది."
ఇంకో మాట:
"అమ్మేటోడే సాక్షి సంతకం జేస్తే చెల్లదు.
నువ్వు ఆ ఆడామె దిక్కున్నవ్,
సాక్షి జాగల గూడ నువ్వే కూసున్నవ్."

కోపమొచ్చింది. నాలుగు దినాలు పోలే.
ఐదోనాడు పోయిన, పైసలు గావాలె గదా.

ఆ ఎండకాలమే వచ్చింది రమావత్ గోరీ,
డిండి దిక్కు తండా నుంచి,
ఎకరం పది గుంటల చల్కా అమ్మనీకి.
కొనేటోడు కారు దిగకుంట ఫోన్ల ఉన్నడు.
హద్దులు చెప్పమన్నడు సాబ్.

"తూర్పుకు మా ఆడిబిడ్డ చేను.
దక్షిణం బాట,
వానలొస్తె బాట గాదు, వాగు.
పడమర మోత్యా. వానికీ మాకూ మాటల్లేవు,
గాని వాని కుక్క మా దగ్గర్నే తింటది.
ఉత్తరం..."
ఆగింది. కొంగు ముడి ఇప్పి మళ్ల ఏసింది.
"ఉత్తరం మా ఎద్దు కూలవడ్డ జాగ.
మూడు దినాలు లేవలే.
గొంగడి కప్పి నేను పక్కన్నే పన్న."

'ఉత్తరం: సర్కారీ గైరాన్' అని
తల ఎత్తకుంట రాసిండు సాబ్.
సిరా ఆరేదాక ఊదుకుంట
నాకొక్కదానికే ఇనవడేటట్టు అన్నడు:
"కాయిదంల పట్టంది నాకొద్దు.
నువ్వు తీస్కపో."

ఏడుసార్లు రాసిన.
ఒకసారి గోరీని తీసేసిన, ఎద్దు మిగిలింది.
ఎద్దును గూడ తీసేస్తె గొంగడి.
ఒకపాలి మొత్తం మోత్యా కుక్క చూసినట్టు రాసిన,
నవ్వొచ్చింది, చింపిన.
ఏడుపు పెట్టకుంట రాస్తె నమ్మబుద్ధి గాలే,
ఆఖర్ల ఒక్కటి పెట్టి, కొట్టేసి,
కొట్టివేత పక్కన పొట్టి సంతకం చేసిన,
దస్తావేజుల చేసినట్టే.

అంతల అంతా కంప్యూటర్లకెక్కింది.
రేకులు పీకిండ్రు, బల్లలు లేసినయ్.
సాబ్ కొడుకు జిరాక్స్ దుకాణం పెట్టిండు.
ఆయన అండ్ల మూలకు కూసుంటడు,
ఆధార్ నకలుకు వచ్చినోళ్లను
మీ ఇంటికి తూర్పుకెవరని అడుగుతడు.

మొన్న అంగడిల గోరీ కలిసింది,
ఎండుమిరపకాయల కుప్ప ముందు.
"నీ ఎద్దును రాసిన" అన్న.
"సదువు" అన్నది.
తక్కెడ ఆపకుంటనే ఇన్నది.
గిరాకీ వస్తె ఆగమని, పోతె కానియ్యమని చెయ్యి ఊపింది.
అయిపోయినంక చానసేపటికి:
"ఎద్దు తెల్లది గాదు. ఎర్రది."
"మారుస్త" అన్న.
రెండు తాలు కాయలు ఏరి అవతల పారేసింది.
"వద్దు. తెల్లదే ఉండనీ.
రాత్రి కనవడతది."