కంచె దగ్గర

డ్యువేన్‌కీ సోల్వెగ్‌కీ మధ్య
పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.
ఉన్నదే పచ్చగడ్డి.

అతనిది నున్నగా గీసిన గడ్డం లాంటి లాన్.
మందు కొట్టించిన రోజు
చిన్న పసుపు జెండా:
పిల్లలూ కుక్కలూ రావద్దు.
ఆమెది క్లోవర్, తేనెటీగలు,
మోకాళ్ళకి మట్టి.

విస్కాన్సిన్‌లో మంచు కరిగిందో లేదో
నలిపితే వెల్లుల్లి వాసన కొట్టే కలుపు
కంచె కిందనుంచి అటూ ఇటూ.
దానికి సర్వే నంబర్లు తెలీవు.

"విత్తు కట్టకముందే. వాన వెలిశాక, నేల మెత్తగా ఉన్నప్పుడు"
అందామె, ఎవరితోనో అన్నట్టు.

అతను వంగాడు.
మొదటిది పుటుక్కున తెగింది.
రెండోదీ అంతే.
మూడోది
మెడ దగ్గర వంకర తిరిగిన తెల్లవేరుతో
మొత్తం వచ్చేసింది.

ఇద్దరూ దాన్నే చూస్తూ
కాసేపు నిలబడ్డారు.

సంచి మూతి ఆమె తెరిచి పట్టుకుంది.
శనివారం మందుబండి వస్తుందా అని మాత్రం
అడగలేదు.