సున్నా టికెట్టు

ఏడో నెల దాకా పలమనేరు సర్వీసు నాదే.
మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు
కడుపులో అటునించి ఇటు జరిగేది,
సీటు దొరకని మనిషి మాదిరి.
దొరసామన్న అద్దంలో చూసి
గేరు మెల్లగా మార్చేవాడు.

ఇప్పుడు లీవు. మిట్టూరులో అద్దె ఇల్లు.
అన్నం తిన్నాక ఎడమపక్కకు పడుకుని
పాత ఎస్సార్ కాగితం వెనక గీతలు గీస్తా.
తన్నుకు ఒకటి. పొర్లుకు ఒకటి.
ఎక్కిళ్లు చిల్లర, లెక్కలోకి రావు.

షమీమ్ సిస్టర్ మాట:
"అంకె కన్నా అలవాటు ముఖ్యం మే.
నీ బిడ్డ ఏ పొద్దులో ఎట్లా మెసులుతాదో నీకే తెలియాల.
ఆ తీరు మారిందా, తెల్లారేదాకా ఆగొద్దు."

మొదటిసారి నా దగ్గర కాగితం లేదు.
రెండు రోజులు ఉలుకూ పలుకూ లేకుంటే
నిద్రపోతా ఉండాదిలే అన్నారు.
నేనూ అన్నాను.
ఆ నిద్రకు అప్పటికే పేరు పెట్టుకుని ఉంటిమి.

నిన్న రాత్రి తొమ్మిదైనా రెండే గీతలు.
అవీ అనుమానంగా.
"నెలలు నిండినాయి గదా, చోటు చాలక సల్లబడతారు"
అనింది అత్త, చేతికి బెల్లం ముక్క ఇస్తా.
బస్సు నిండితే మనుషులు కదలరా అత్తా?
నిండిన బస్సులోనే గదా తోపులాట!
బెల్లం గూట్లో పెట్టి
చెప్పులు తొడుక్కున్నా.

పెద్దాసుపత్రిలో పొట్టకు బెల్టు కట్టినారు.
గుర్రం పరిగెత్తినట్టు చప్పుడు.
మిషను కాగితం కక్కతా పోయింది,
నా టిమ్ము మిషను మాదిరే,
ఎంత పొడుగు టికెట్టు!
దానిమీద గీత ఘాటురోడ్డులా ఎక్కతా దిగతా ఉండాది.

"బాగుండాది బిడ్డ. స్కానింగూ బాగుండాది."
నాకు సిగ్గేసింది.
అర్ధరాత్రి అందరినీ లేపితినే అన్నా.
షమీమ్ సిస్టర్ బెల్టు విప్పతా నవ్వింది:
"చెకింగోళ్లు ఎక్కినప్పుడు
అందరికాడా టికెట్లుంటే
ఎందుకెక్కితిమిరా అని ఏడస్తారా?
రేపు మళ్లీ తగ్గిందనుకో, రేపు మళ్లీ రా."

ఆడోళ్లకు సున్నా టికెట్టు.
పైసా రాదు, అయినా కొట్టాల్సిందే.
లెక్కలో లేని మనిషి
నా బస్సులో ఉండకూడదు.

ఆటో గాంధీ బొమ్మ కాడ తిరిగేటప్పుడు
డొక్కలో దెబ్బ. వెంటనే ఇంకొకటి,
రేకు మీద కొట్టినట్టు.

పెన్ను ఇంట్లో మరిచిపోయినా.
రైట్ అన్నా, గట్టిగానే.
ఆటో అబ్బోడు
నాకే చెప్పిందనుకుని
స్పీడు పెంచినాడు.